మందలో ఎవరి పక్కన ఎవరు

రెండు మగ గుర్రాలను ఒకే బయలులో వదలకూడదు. లాయంలో పనిచేసిన ఎవరిని అడిగినా ఈ మాటే చెబుతారు. ఊరికే చెప్పరు. అలా వదిలినప్పుడు మెడ కండ ఊడివచ్చిందీ కాలు విరిగిందీ కళ్ళారా చూసి ఉంటారు, లేదా చూసినవాళ్ళ దగ్గర విని ఉంటారు. అందుకే చాలా దేశాల్లో విత్తనానికి ఉంచిన మగ గుర్రం బతుకు నాలుగు గోడల మధ్య ఒంటరిగానే సాగుతుంది. దానికి దాణా వేళకు అందుతుంది, మాలీషు జరుగుతుంది, నాడాలు అరిగేలోపే మారుతాయి. ఇంకో గుర్రం మూపు మీద గడ్డం ఆనించి నిలబడే వీలు మాత్రం ఉండదు.

స్విట్జర్లాండ్‌లో అవాంష్ అనే చిన్న పట్టణం ఉంది. ఆ దేశపు జాతీయ అశ్వక్షేత్రం అక్కడే. ఈ పాత మాటలో నిజమెంతో తేల్చుకుందామని పరిశోధకులు 2009లో ఐదు, 2010లో నాలుగు విత్తనపు మగ గుర్రాలను విశాలమైన పచ్చిక బయలులో కలిపి వదిలారు. ఏది దేన్ని బెదిరించిందో, ఏది దేని పక్కన చేరిందో 17 నుంచి 23 రోజుల పాటు రాసుకుంటూ వచ్చారు. మొదట హడావుడి బాగానే జరిగింది. మూడు నాలుగు రోజులు తిరిగేసరికి బెదిరింపులూ తగాదాలూ అడుగంటాయి, ఆ తర్వాత మళ్ళీ పుంజుకోలేదు. ముందటేడు మందలో గడిపిన గుర్రాలైతే రెండోసారి ఆ కాస్త హడావుడి కూడా తగ్గించాయి. ఎవరి స్థానం ఏమిటన్నది పూర్తిగా కుదురుకోవడానికి మాత్రం రెండు మూడు నెలలు పట్టింది.

మగ గుర్రాలు తొలిసారి ఎదురుపడినప్పుడు ఏం జరుగుతుందో దగ్గర నుంచి చూస్తే ఈ ఫలితం అంత వింతగా అనిపించదు. రెండూ మెడ వంచి, తోక ఎత్తి, పొడుగు అంగలతో ఎదురెదురుగా వస్తాయి. ముక్కుపుటాలు ఆనించి ఒకదాని ఊపిరి ఒకటి పీలుస్తాయి. ఉన్నట్టుండి ఒకటి కీచుమని అరిచి ముందుకాలు విసిరి నేలను కొడుతుంది. రెండోదీ అరుస్తుంది. ఇక తగవు ముదిరిందనుకునేంతలో రెండూ పక్కపక్కనే నడుచుకుంటూ లద్ది కుప్ప దగ్గరకు చేరతాయి. ఒకటి వాసన చూసి, ఆ కుప్ప మీదే లద్ది వేసి, వెనక్కి తిరిగి మళ్ళీ వాసన చూస్తుంది. రెండోది కూడా అదే వరసలో అదే పని చేస్తుంది. ఇలా ఒకటి రెండు సార్లు జరిగాక ఎవరి మేతకు వాళ్ళు వెళ్ళిపోతారు. పంచాయతీకి వచ్చిన ఇద్దరు పెద్దమనుషులు కర్ర నేలకు తాటించి, మీసం దువ్వి, చెయ్యి చేసుకోకుండానే తేల్చుకుని లేచిపోయినట్టు ఉంటుంది వ్యవహారం. ఎదుటివాడి బలం అంచనా వేసుకోవడానికి ఇంత తతంగం ఉన్నప్పుడు, ఎముకలు విరగ్గొట్టుకోవలసిన అవసరం తక్కువ. అయితే ఈ తతంగానికి చోటు కావాలి. ఓడినవాడు వెనక్కి తగ్గడానికి దారి ఉండాలి. ఇరుకు ఆవరణలో, పక్కనే ఎదకు వచ్చిన ఆడ గుర్రం కనిపిస్తుండగా అవే రెండు గుర్రాలను వదిలితే లాయం పెద్దల మాటే నిజమవుతుంది.

మందలో ప్రశాంతత గుర్రాల గుణం మీద కొంత, మనం ఇచ్చే చోటు, మేత, వ్యవధి మీద ఎక్కువగా ఆధారపడుతుంది. వీటన్నిటికన్నా, మనం విడదీయకుండా ఉంచే స్నేహాల మీద. ఈ అధ్యాయం చెప్పబోయేది అదే.

కుటుంబాలు, కుర్రకారు గుంపులు

మనిషి చేయి పెద్దగా పడకుండా తరాలుగా ఆరుబయట బతుకుతున్న గుర్రాలు అమెరికాలో నెవాడా ఎడారి కొండల మీద, న్యూజిలాండ్‌లో కైమనావా కొండల మీద, ఫ్రాన్స్ దక్షిణాన రోన్ నది సముద్రంలో కలిసే కమార్గ్ చిత్తడి నేలల్లో ఉన్నాయి. చలి వేరు, మేత వేరు. సంసారం తీరు మాత్రం దాదాపు ఒకటే. ఒక మగ గుర్రం, ఒక్కోసారి రెండు, కొన్ని ఆడ గుర్రాలు, వాటి పిల్లలు కలిస్తే కుటుంబం. ఆడ గుర్రాలు ఏళ్ళ తరబడి కలిసే మేస్తాయి. మగది ఓడిపోయి ఇంకోటి దాని స్థానంలోకి వచ్చినా చాలాసార్లు అవి చెల్లాచెదురు కావు. పిల్లలు ఆడైనా మగైనా రెండు మూడేళ్ళు రాగానే పుట్టిన గుంపు వదులుతాయి. ఆడపిల్లలు వేరే కుటుంబంలో చేరతాయి. మగవి ఈడు కలిసినవాటితో కుర్రకారు గుంపు కట్టి, కొన్నేళ్ళు ఆటలతో కుస్తీలతో గడుపుతాయి. అవాంష్‌లో జరిగింది ఈ కుర్రకారు గుంపుకు పెంపుడు రూపమే.

ఇన్ని గుర్రాలు కలిసి ఉండడంలో వాటికి ఒరిగేదేమిటి? మొదటిది నిద్ర. గుర్రం నిలబడే కునుకు తీయగలదు. కాలి కీళ్ళు మడత పడకుండా బిగించి పట్టే స్నాయువుల అమరిక దానికి ఉంది. కానీ కండరాలన్నీ వదులైపోయే కలల నిద్ర మాత్రం నేల మీద పడుకుంటే తప్ప రాదు. రోజుకు అరగంట నుంచి గంట దాకా అది కావాలి. పడుకున్న గుర్రం లేచి పరుగందుకోవడానికి కొన్ని క్షణాలు పడుతుంది, వేటాడే జంతువుకు ఆ క్షణాలు చాలు. అందుకే మందలో కొన్ని పడుకున్నప్పుడు కనీసం ఒకటి చెవులు నిక్కించి నిలబడి ఉంటుంది.

రెండోది ఈగలు. వేసవిలో కమార్గ్ మీద రక్తం పీల్చే ఈగలు దండెత్తుతాయి. అక్కడ పనిచేసిన ప్యాట్రిక్ డంకన్, నికోల్ విన్ 1979లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం పెద్ద గుంపులో ఉన్న గుర్రం మీద వాలే ఈగల సంఖ్య, చిన్న గుంపులో ఉన్నదాని మీద వాలేవాటి కన్నా తక్కువ. ఎండపూట రెండు గుర్రాలు ఒకదాని తల వైపు ఇంకొకటి తోక పెట్టి నిలబడడం మనమూ చూస్తుంటాం. ఒకదాని తోక రెండోదాని ముఖానికి విసనకర్ర అవుతుంది.

మూడోది మేత. ఆరుబయట గుర్రం రోజులో సగానికి పైగా మేస్తూనే ఉంటుంది. దాని కడుపులో ఆమ్లం నిరంతరం ఊరుతుంది, దాన్ని చల్లార్చే లాలాజలం మాత్రం నమిలినప్పుడే ఊరుతుంది. మేసేంతసేపూ తల కిందికి ఉంటుంది కాబట్టి చుట్టూ నలుగురు ఉంటేనే ధైర్యం. తోడు, నడక, మేత అనే మూడూ గుర్రానికి ఒకే పనిలో భాగాలు. లాయంలో మనం వాటిని విడదీస్తాం. దాణా రెండు పూటలు, నడక ఒక గంట, తోడు లేదు.

పెద్దరికం ఎవరిది

మధ్యాహ్నం వేళ నీటి తొట్టి దగ్గర ఒక బలిసిన నల్ల గుర్రం నీళ్ళు తాగుతోందనుకుందాం. దూరం నుంచి ఒక ముసలి ఆడ గుర్రం నడిచి వస్తుంది. పరుగు లేదు, బుస లేదు. నాలుగు గజాల దూరంలో ఉండగా చెవులు కాస్త వెనక్కి వాలుస్తుంది, అంతే. నల్లది మూతి నుంచి నీళ్ళు కారుతుండగానే పక్కకు తప్పుకుంటుంది. పక్కనే నిలబడి సెల్‌ఫోన్ చూసుకుంటున్న మనిషికి అక్కడ ఏదో జరిగిందన్న సంగతే తెలియదు.

పెద్దరికం అంటే ఇదే. రోజంతా పళ్ళు చూపిస్తూ, వెనక కాళ్ళు ఎత్తుతూ తిరిగేది మందకు పెద్ద అని కొత్తవాళ్ళు పొరబడతారు. స్థానం కుదిరినదానికి అరిచి గీపెట్టాల్సిన పని ఉండదు. ఆ గొడవ ఎక్కువగా నడిమి వరసలో, ఇంకా తేలని జంటల మధ్య నడుస్తుంది. ఒడ్డూ పొడుగూ కన్నా వయసు, ఆ మందలో ఎన్నాళ్ళుగా ఉందన్నదే స్థానాన్ని ఎక్కువగా నిర్ణయిస్తాయి. వరస నిచ్చెన మెట్లంత నిటారుగానూ ఉండదు. ఒకటి రెండోదాన్ని తప్పిస్తుంది, రెండోది మూడోదాన్ని తప్పిస్తుంది, మూడోది వచ్చి మొదటిదాన్ని తప్పిస్తుంది. ఇలాంటి ముక్కోణాలు ప్రతి మందలోనూ కనిపించవచ్చు.

తొట్టి దగ్గర పెద్దదే మందను నడిపిస్తుందా? మందకు ఒక పెద్ద ఆడ గుర్రం నాయకత్వం వహిస్తుందని, మిగతావన్నీ దాని వెనకే నడుస్తాయని గుర్రాలు పెంచేవాళ్ళలో ఒక నమ్మకం ఉంది. ఫ్రాన్స్‌లో కోస్ మెజాన్ పీఠభూమి మీద పెంచుతున్న ప్రెవాల్‌స్కీ అనే జాతి గుర్రాలను మరీ బూర్జాద్, ఆమె సహచరులు గమనించి 2009లో రాసిన వ్యాసం ఈ నమ్మకానికి అడ్డుపడుతుంది. మంద కదలడానికి ముందు ఒక సన్నాహం నడుస్తుంది. ఒకటి తల తిప్పి నాలుగు అడుగులు వేసి ఆగుతుంది, ఇంకోటి అదే దిక్కుకు తిరుగుతుంది. తగినన్ని గుర్రాలు ఇలా మొగ్గు చూపాక మంద బయల్దేరుతుంది. నిర్ణయం పంచుకున్నది. నీళ్ళ దగ్గర ఎవరు ఎవరిని తప్పిస్తారన్నది ఒక లెక్క, ఎటు వెళదామన్నది ఇంకో లెక్క. "గుర్రానికి నేనే మందపెద్దనని తెలియజెప్పాలి" అంటూ కొరడా ఝళిపించే శిక్షకుల సిద్ధాంతానికి మంద జీవితంలో పెద్ద ఆధారం లేదు.

పెంచేవాళ్ళకు ఇందులో పనికొచ్చే సంగతి ఇంకోటుంది. పెద్దరికం చేదుగా మారేది తప్పించడానికి ఏదో ఒకటి ఉన్నప్పుడే. పచ్చిక బయలంతా పరుచుకుని ఉంటే దేన్ని ఎవరు తప్పించాలి? అదే పచ్చిక స్థానంలో తలుపు దగ్గర ఒకే గడ్డి కుప్ప వేస్తే అదే మందలో తన్నులు మొదలవుతాయి. చోటు సంగతీ అంతే. బిర్గిట్ ఫ్లాగర్, కాన్‌స్టాంజె క్రూగర్ 2013లో ప్రచురించిన లెక్కల ప్రకారం ఒక్కో గుర్రానికి 331 చదరపు మీటర్లు దాటి చోటు దొరికితే దాడులు దాదాపు సున్నాకు చేరాయి. మన కొలతలో అది సుమారు 400 గజాలు, అంటే ఎకరానికి పన్నెండు గుర్రాలు. ఇది మేపుకోవడానికి చాలే నేల అని ఎవరూ పొరబడకూడదు. పోట్లాడుకోకుండా నిలబడడానికి చాలే నేల మాత్రమే.

గోకుడు స్నేహాలు

రెండు గుర్రాలు ఎదురెదురుగా నిలబడి, ఒకదాని మెడ పక్కనుంచి ఇంకోటి తల చాచి, ముందు పళ్ళతో మూపు దగ్గర గీరుతూ ఉంటాయి. ఒకటి ఆపితే రెండోదీ ఆపుతుంది. చోటు మార్చాలంటే రెండూ కలిసే మారుస్తాయి. కళ్ళు సగం మూతపడతాయి, పై పెదవి ముందుకు సాగుతుంది. ఎవరితో పడితే వారితో ఈ పని చేయవు. ప్రతి గుర్రానికీ ఒకరిద్దరే ఉంటారు.

ఎందుకు ఎక్కువగా మూపు ముందు భాగాన్నే ఎంచుకుంటాయన్నది క్లోడియా ఫే, జాన్ ద మజియేర్ తేల్చారు. కమార్గ్ గుర్రాలకు గుండె వేగం కొలిచే పరికరం కట్టి, అవి ఒకదాన్నొకటి గోక్కునే చోట మనిషి చేత్తో గీరించారు. గుండె వేగం సుమారు పదో వంతు తగ్గింది. వేరే చోట గీరితే ఆ మార్పు లేదు. ఈ అధ్యయనం 1993లో వచ్చింది. గుర్రాన్ని మెచ్చుకోవాలంటే మెడ మీద దబదబా చరచడం కన్నా మూపు దగ్గర గోకడం మేలన్నమాట.

స్నేహం వల్ల హాయి దొరుకుతుంది సరే, లాభం? కైమనావా గుర్రాలను ఏళ్ళ తరబడి గమనించిన ఎలిస్సా కామెరాన్, ఆమె సహచరులు 2009లో జవాబిచ్చారు. రక్తసంబంధం లేని ఆడ గుర్రాల మధ్య స్నేహం గట్టిగా ఉన్నచోట వాటికి మగ గుర్రాల వేధింపు తగ్గింది, పుట్టిన పిల్లలు ఎక్కువ, బతికి బట్టకట్టిన పిల్లలు కూడా ఎక్కువ.

స్నేహితులను గుర్తుపట్టడంలోనూ గుర్రం తక్కువది కాదు. బ్రిటన్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయంలో లీన్ ప్రూప్స్ బృందం ఒక గుర్రం ముందు నుంచి దాని మందలోని గుర్రాన్ని నడిపించి, తెర వెనక్కి పంపి, అక్కడి నుంచి స్పీకర్లో సకిలింపు వినిపించింది. వెళ్ళిన గుర్రం గొంతే వినబడితే చూసే గుర్రం పెద్దగా పట్టించుకోలేదు. వేరే సహచరుడి గొంతు వినబడితే వెంటనే తల తిప్పి చాలాసేపు చూసింది. రూపానికీ గొంతుకూ పొత్తు కుదరలేదని దానికి తెలిసింది. లాయం నుంచి ఒక గుర్రాన్ని లారీ ఎక్కించి పంపేశాక మిగిలినది రోజుల తరబడి గేటు వైపు చూస్తూ సకిలిస్తుందంటే, అది ఫలానా గుర్రం కోసమే.

కొత్త గుర్రం వచ్చినప్పుడు

కొత్త గుర్రాన్ని లారీ నుంచి దించి నేరుగా మందలోకి తోలేయడం ఆరోగ్యానికీ ముప్పే, మర్యాదకూ ముప్పే. మొదట మూడు వారాలు విడిగా ఉంచాలి. గొంతు గడ్డలు లేచి చీము కారే స్ట్రాంగిల్స్ అనే అంటురోగం ఈలోపు బయటపడుతుంది. మన దేశంలో దీనికి తోడు గ్లాండర్స్ ఉంది. అది మనిషికీ సోకుతుంది, తేలితే గుర్రాన్ని చంపక తప్పదు. కాబట్టి హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం వంటి చోట రక్తపరీక్ష చేయించాకే కొనడం మంచిది. విడిగా ఉంచడమంటే చీకటి గదిలో వేయడం కాదు. అంటు సోకనంత దూరంలో, మిగతా గుర్రాలు కనిపించే చోట ఉంచాలి.

తర్వాత కంచె అవతలి పరిచయం. వారం పాటు మందకు పక్కనే వేరు ఆవరణలో వదిలితే కీచులాటలు, ముక్కులు ఆనించడాలు కంచె మీదుగానే జరిగిపోతాయి. ఎల్కే హార్ట్‌మన్ బృందం 2009లో ఒకదానికొకటి కొత్తవైన గుర్రాలను ముందుగా పక్కపక్క గదుల్లో ఉంచి చూసింది. అలా పరిచయమైనవి బయట కలిసినప్పుడు ఒంటి మీదికి వచ్చే దాడులు తగ్గే ధోరణి కనబడింది. కంచె మాత్రం గట్టిదై ఉండాలి. మన వైపు పొలాలకు కడీలు పాతి ముళ్ళతీగ లాగడం మామూలు. గుర్రాలకు దానంత శత్రువు లేదు. తరుముకుంటూ వచ్చిన గుర్రం తీగను చూడదు, చూసేసరికి రొమ్ము చీరుకుపోయి ఉంటుంది. కర్రలో, పైపులో, దూరానికే కనబడే వెడల్పు పట్టీలో కట్టుకోవాలి.

మూడో మెట్టులో మందలోకెల్లా నెమ్మదైనదాన్ని ఎంచి కొత్తదానితో జంటగా కొన్ని రోజులు వదలాలి. ఆ జంట కలిసి మేయడం మొదలుపెట్టాక రెంటినీ మందలోకి పంపితే కొత్తది ఒంటరిగా అడుగుపెట్టదు. కలిపే రోజు పొద్దున్నే కలపాలి, చూడడానికి పగలంతా చేతిలో ఉంటుంది. ముందుగా కొత్త గుర్రాన్ని పగ్గం పట్టుకుని బయలు అంచు వెంట ఒక చుట్టు తిప్పి కంచె ఎక్కడుందో, నీళ్ళెక్కడున్నాయో చూపించాలి. వెనక కాళ్ళ నాడాలు తీయించాలి. ఇనుప నాడా తన్నుకూ ఉత్త గిట్ట తన్నుకూ ఎముక విరగడమంత తేడా ఉంది. గుర్రాల సంఖ్య కన్నా రెండు ఎక్కువ గడ్డి కుప్పలు, ఒక్కోటి రెండు మూడు గుర్రాల పొడవు దూరంలో వేయాలి. అప్పుడు తరిమేయబడినదానికి ఎప్పుడూ ఇంకో కుప్ప ఖాళీగా దొరుకుతుంది. పప్పుదాణా, ఉలవలు ఆ రోజు బయట పెట్టకూడదు.

ఆ తర్వాత మనిషి చేయాల్సింది పక్కన నిలబడి చూడడం. పరుగులు, కీచుమనే అరుపులు, గాల్లో తన్నులు ఉంటాయి, గాట్లు కొన్ని పడతాయి. చేయి పెట్టాల్సిన సందర్భాలు వేరే ఉన్నాయి. కొత్తదాన్ని మూలలోకి నెట్టి బయటికి రానివ్వకపోవడం, అది ఆగినా తరమడం ఆగకపోవడం, సాయంత్రం దాకా దాన్ని నీళ్ళ దగ్గరకు చేరనివ్వకపోవడం. ఇవి కనిపిస్తే విడదీసి ఒక మెట్టు వెనక్కి వెళ్ళాలి. మిగతా వేళల్లో భయపడి రాత్రికి లోపలికి తెచ్చి, పొద్దున మళ్ళీ కలిపితే తేలాల్సిన లెక్క రోజూ కొత్తగా మొదలవుతుంది.

ఎవరిని ఎవరితో

ఆడవి వేరు, మగవి వేరు అని విడదీయడం చాలా ఫారాల్లో ఆచారం. నార్డిక్ దేశాల్లో గ్రేటె యోర్గెన్‌సెన్, ఆమె సహచరులు ఆడ గుర్రాలు, విత్తులు తీసిన గుర్రాలు, రెండూ కలిసినవి అని మూడు రకాల గుంపులు పెట్టి పోల్చారు. 2009లో వచ్చిన ఆ ఫలితాల్లో దాడుల్లో గానీ గాయాల్లో గానీ చెప్పుకోదగ్గ తేడా లేదు. తగిలిన గాయాలు కూడా చాలావరకు పైపై గీతలే. కాబట్టి ఆడా మగా లెక్క కన్నా ఆయా గుర్రాలను చూసి నిర్ణయించుకోవాలి. ఒక మినహాయింపు ఉంది. ఆలస్యంగా విత్తులు తీసిన కొన్నింటికి పాత బుద్ధి పోదు. ఆడ గుర్రం ఎదకు రాగానే దాన్ని మందలోంచి విడదీసి తోలుకుపోతూ మిగతావాటి మీద పడతాయి. అలాంటిది ఉంటే దాన్ని మగ జట్టులో వేయడమే సుఖం.

వయసు లెక్క ఇంతకన్నా ముఖ్యం. ఏడాది, రెండేళ్ళ పిల్లలన్నిటినీ ఒకచోట తోలేసి "ఆడుకోనీ" అని వదిలేస్తుంటారు. అలాంటి పిల్లల గుంపుల్లోకి పెద్ద గుర్రాలను పంపి చూసిన బూర్జాద్ బృందం 2008లో రాసింది ఏమిటంటే, పెద్దవి వచ్చాక పిల్లల మధ్య దాడులు తగ్గాయి, స్నేహాలు స్పష్టమయ్యాయి. పెద్ద గుర్రం దగ్గరకు వచ్చినప్పుడు మెడ చాచి, నోరు తెరిచి మూస్తూ దవడలు ఆడించే పిల్ల "నేను చిన్నదాన్ని" అని చెబుతోంది. ఆ మర్యాద ఎదుట పెద్దలు ఉంటేనే అక్కరకొస్తుంది. తల్లి నుంచి పిల్లను విడదీసే సమయానికీ ఇదే సూత్రం. ఆరుబయట తల్లి తనంతట తాను పాలు మాన్పించేసరికి పిల్లకు తొమ్మిది పది నెలలు వస్తాయి. ఫారాల్లో నాలుగు నుంచి ఆరు నెలలకే విడదీస్తారు. అన్ని తల్లులనూ ఒకే రోజు తీసుకెళ్ళకుండా ఒక్కొక్కటిగా తప్పిస్తూ, పిల్లల దగ్గర ఎరిగిన ఆడ గుర్రాన్ని ఉంచితే ఆ కోత అంత లోతుగా దిగదు.

లావైనదానికి గడ్డి తగ్గించాలి, పళ్ళరిగిన ముసలిదానికి నానబెట్టిన దాణా పెంచాలి. మేత అవసరాన్ని బట్టి గుంపులు కడితే మనకు సులువు, కానీ దాంతో జంటలు తెగిపోతాయి. జంటను ఉంచి మేతనే విడిగా పెట్టడం మేలు. పూటకు అరగంట ఎవరి గదిలో వాళ్ళను కట్టి దాణా పెట్టి మళ్ళీ వదిలితే చాలు. ఇక మూడు గుర్రాలే ఉన్నచోట రెండు ఒకటై మూడోది ఒంటరిగా మిగలడం తరచూ కనిపిస్తుంది. నాలుగో గుర్రం వచ్చే దాకా ఆ మూడోదాని మీద ఒక కన్ను వేసి ఉంచాలి. స్నేహం మరీ గట్టిదై, ఒకదాన్ని స్వారీకి తీస్తే రెండోది కంచె మీదికి దూకే స్థితి వస్తే, విడదీసి దూరం పంపడం మందు కాదు. ఐదు నిమిషాలు తీసుకెళ్ళి తిరిగి తేవడం, మెల్లగా వ్యవధి పెంచడం, మిగిలినదానికి తోడుగా ఇంకోదాన్ని ఉంచడం పనిచేస్తాయి.

చోటు లేనిచోట

హైదరాబాద్ మలక్‌పేట రేసుకోర్సులో గుర్రాలు విడివిడి గదుల్లోనే ఉంటాయి. ఒక్కోటి లక్షల విలువైనది, ఒక్కోదానికి ఒక్కో యజమాని. పక్క గుర్రం తన్నుకు ఎవరు జవాబు చెబుతారన్నది అక్కడి అసలు సమస్య. నగర శివార్ల స్వారీ బళ్ళకు ఎకరం ధరే అడ్డం. బయలు లేనంత మాత్రాన తోడు ఇవ్వలేమని కాదు. గదుల మధ్య నిండు గోడ బదులు ఛాతీ ఎత్తు గోడ కట్టి, పైన చువ్వలు పెడితే ముక్కులు కలుస్తాయి. డెన్మార్క్‌లో యానె క్రిస్టెన్‌సెన్ బృందం రెండేళ్ళ మగ గుర్రాలను కొన్నిటిని విడి గదుల్లో, కొన్నిటిని జట్లుగా తొమ్మిది నెలలు ఉంచి, తర్వాత అన్నిటినీ బయట వదిలింది. 2002లో వచ్చిన ఆ ఫలితాల్లో ఒక చిన్న సంగతి బాగుంటుంది. విడి గదుల్లో పెరిగినవి బయట కూడా తరచు తమ పాత పక్కగది గుర్రానికి దగ్గరగానే మేశాయి. చువ్వల సందులోంచి దొరికిన పరిచయం కూడా స్నేహమైంది.

అదీ దొరకనివి తలుపు దగ్గర నిలబడి గంటల తరబడి కుడికీ ఎడమకీ ఊగుతాయి, లేదా చెక్క అంచును పళ్ళతో పట్టి గాలి లాగుతాయి. సైసులు దీన్ని చెడ్డ అలవాటు అంటారు. ఊగే గుర్రాల గదిలో పెద్ద అద్దం పెట్టి చూసిన లింకన్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు 2002లో ఆ ఊగుడు బాగా తగ్గినట్టు రాశారు. అద్దంలో బొమ్మే అంత ఊరటనిస్తే, ఎదురుగా నిజమైన గుర్రం ఉంటే ఎంతో ఊహించవచ్చు. స్విట్జర్లాండ్ ఈ ఊహను చట్టంలోకి తెచ్చింది. 2008లో వచ్చిన నియమాల ప్రకారం అక్కడ ప్రతి గుర్రానికీ ఇంకో గుర్రం కనబడాలి, వినబడాలి, దాని వాసన తగలాలి. పాలు మానిన పిల్లలను రెండున్నరేళ్ళు వచ్చే దాకా, లేదా పనిలో పెట్టే దాకా జట్టుగానే పెంచాలి.

మంద బాగుందని తెలిసేదెలా

మందను అంచనా వేయాలంటే అన్నిటికన్నా కింద ఉన్న గుర్రాన్ని చూడాలి. పైవాటికి ఎలాగైనా జరిగిపోతుంది. కిందిదాని పక్కటెముకలు తేలుతున్నాయా? మిగతావన్నీ గడ్డి దగ్గర ఉన్నప్పుడు అది దూరంగా నిలబడి ఉంటోందా? పిర్రల మీద, తొడల మీద కొత్త గాట్లు వారం వారం పడుతూనే ఉన్నాయా? దానితో గోక్కునే గుర్రం ఒక్కటైనా ఉందా? ఇవి రోజూ పొద్దున గడ్డి వేసేటప్పుడే చూడగలిగినవి.

ఇంకొకటి కాళ్ళ మీద కనిపిస్తుంది. ముందు కాళ్ళ గిట్టల పైనున్న కీళ్ళకు ముందువైపు వెంట్రుకలు ఊడి, పుండు కట్టి మానుతూ ఉంటే అది రాత్రి పడుకోవడం లేదని అనుమానించాలి. పడుకునే ధైర్యమో, పొడి చోటో లేక నిలబడే నిద్రలోకి జారి, కండరాలు వదులై ముందుకు కూలబడినప్పుడు తగిలే దెబ్బలవి. కీళ్ళ నొప్పి వల్ల పడుకోలేకపోయినా ఇలాగే ఉంటుంది కాబట్టి ముందు వైద్యుడికి చూపించాలి. నొప్పి లేదని తేలితే మందను చూడాలి. పొడి పడక చాలినంత ఉందా, పడుకోగానే ఎవరైనా లేపుతున్నారా, కాపలా నిలబడే స్నేహితుణ్ణి ఈమధ్య వేరే చోటికి పంపారా?

సమాధానాలు చాలావరకు పారకూ తట్టకూ అందేవే. ఇంకో రెండు గడ్డి కుప్పలు, రెండో నీటి తొట్టి, మూలను గుండ్రం చేసే నాలుగు అడ్డకర్రలు, పడుకోవడానికి ఇంకో పదడుగుల ఇసుక. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని సామెత. తోడుకు మాత్రం పెద్ద ఖర్చు ఉండదు. ఉన్న జంటను విడగొట్టే ముందు, అమ్మే ముందు, గది మార్చే ముందు దాని పక్కన ఎవరుంటారని ఒకసారి అడిగితే సగం గొడవలు మొదలే కావు. మిగతా సగానికి అయ్యే ఖర్చు కూడా, అర్ధరాత్రి పశువైద్యుణ్ణి పిలిచి కుట్లు వేయించే ఖర్చు కన్నా ఎప్పుడూ తక్కువే.